‘నేను లేకపోతే మీరే బాగుంటారు’ అన్నప్పుడు

మనసు, వైద్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో నిద్రలేమి గురించి రాసిన జవాబు చివర, ‘రాత్రిళ్ళు మెలకువగా ఉన్నప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పండి’ అని ఒక్క వాక్యం రాశాను. మిగతా జవాబుకంటే ఆ ఒక్క వాక్యానికే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన వాటిలో కొన్నింటికి ఈసారి పేజీ మొత్తం కేటాయిస్తున్నాను. పేర్లు, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసివేశాను. ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా ఈ క్షణంలోనే ఆ ఆలోచన ఉంటే, మిగతాది తరువాత చదువుకోవచ్చు. ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా వారికి నలభై నాలుగేళ్ళు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నడుపుతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లోని మా ఇంట్లో సామానంతా పోయింది. ఇల్లు బాగుచేసుకోవడానికి, పాత బాకీలు తీర్చడానికి రోజువారీ వడ్డీకి డబ్బు తెచ్చారు. ఇప్పుడు ఆ ఫైనాన్సు మనుషులు షెడ్డుకు వచ్చి, పనివాళ్ళ ముందు కేకలు వేసి పోతున్నారు. మూడు నెలలుగా తాగుడు పెరిగింది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. పోయిన వారం బీమా కాగితాలు, బ్యాంకు పుస్తకాలు, గ్యాస్ పుస్తకం ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చి, ‘ఇవెక్కడున్నాయో గుర్తుపెట్టుకో’ అన్నారు. ‘నేను లేకపోతే మీరే బాగుంటారు’ అని రెండుసార్లు అన్నారు. నేను అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయపడి ఊరుకున్నాను. మా అత్తగారేమో ‘అప్పుల్లో ఉన్న మగవాడు అలాగే మాట్లాడతాడు, పట్టించుకోకు’ అంటున్నారు. నేనేం చేయాలి?
ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోనులో మీకు చెప్పిన మాటలను, ఇలాంటి స్థితిలో ఉన్న ఇతర కుటుంబాల కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

అడిగితే ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. ఈ విషయాన్ని వివిధ దేశాల్లో పరిశోధకులు పరిశీలించారు; అడగడం వల్ల ఆలోచన పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. నా అనుభవంలోనైతే, అడిగినప్పుడు చాలామంది ముఖంలో కనిపించేది ఊరటే. ఇన్నాళ్ళూ ఒంటరిగా మోసినదాన్ని ఎవరో గుర్తించారన్న ఊరట అది. అయితే ఎలా అడుగుతామన్నది ముఖ్యం. మన ఇళ్ళలో సాధారణంగా ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని అడుగుతాం. ఆ ‘లేవు కదా’ అన్న మాటలోనే మనకు కావలసిన జవాబు ఉంది, కాబట్టి అవతలి మనిషి ‘లేవు’ అనే అంటాడు. ఆయన తాగి లేని సమయం చూసి, పిల్లలు పక్కన లేనప్పుడు, దగ్గర కూర్చుని ఇలా అడగండి: ‘ఏమండీ, ఆ రోజు మీరన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా మీకు?’ ఆ మాటను ఆ మాటగానే అనండి. ఆయన ‘అవును’ అంటే ఏడవడం తప్పు కాదు గాని, ‘మా గతేమిటి, పిల్లల గతేమిటి’ అని నిలదీయవద్దు. తాను భారమయ్యానని నమ్ముతున్న మనిషికి ఆ ప్రశ్న మరో నేరారోపణలా వినిపిస్తుంది. ఎన్నాళ్ళుగా వస్తోంది, రోజులో ఎంతసేపు ఉంటోంది, ఎలా చేయాలో కూడా ఆలోచించారా అని నెమ్మదిగా అడగండి. చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే ఆయనను ఒంటరిగా వదలకండి. ప్రమాదం తెచ్చిపెట్టగలవన్నీ ఇంట్లోనూ షెడ్డులోనూ ఆయన చేతికి అందకుండా మరొకరి స్వాధీనంలో పెట్టండి. అదే రోజున ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి.

మీ అత్తగారి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. ఆమె తరంలో ఎందరో అప్పులను తట్టుకుని బతికారు. కానీ మీరు రాసినది అప్పు ఒక్కటే కాదు. వరదలో ఇల్లు పోవడం ఒక దెబ్బ. నీళ్ళు తీసిన తరువాత సాయం చేసేవారి రాకపోకలు తగ్గిపోతాయి, అప్పు మాత్రం అప్పుడే మొదలవుతుంది. విపత్తు మిగిల్చే దిగులు చాలామందిలో నెలలు గడిచాక బయటపడడానికి ఇదొక కారణం. రెండోది అవమానం. తన దగ్గర వెల్డింగు నేర్చుకున్న కుర్రవాళ్ళ ముందు తిట్లు పడిన మనిషికి, మరునాడు అదే షెడ్డు తలుపు తీయడం అప్పు తీర్చడంకన్నా కష్టం. మూడోది తాగుడు. మద్యం మొదటి గంటలో దిగులును మరిపిస్తుంది, ఆ తరువాత దాన్ని పెంచుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మనిషిని ఆపే నిగ్రహాన్ని సడలిస్తుంది. నాలుగోది తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం. ఇది డిప్రెషన్‌లో తరచుగా కనిపించే లక్షణం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మనిషి తట్టుకోవచ్చు. ఇన్ని ఒకదానిపై ఒకటి పేరుకున్నచోట, కాగితాలు సర్ది అప్పగించడం కూడా చేరితే, దాన్ని ‘ఊరికే అన్న మాట’గా వదిలేయడానికి వీల్లేదు. మీరు ఆ కవరును గమనించారు, గమనించినదాన్ని రాశారు. ఇంతవరకూ జరిగిన వాటిలో అన్నిటికన్నా మంచి పని అదే.

వైద్యం గురించి రెండు జాగ్రత్తలు చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు. అందుచేత ‘రేపటినుంచి మానేస్తానని పిల్లల మీద ఒట్టు వేయండి’ అనకుండా, వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి. డిప్రెషన్ మందుల ప్రభావం కనిపించడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ మొదటి వారాల్లోనే కుటుంబం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మందులు మీ దగ్గరే ఉంచుకుని, ఏ పూటవి ఆ పూట ఇవ్వండి.

అప్పు సంగతి వైద్యుడికెందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ మనిషికి అప్పే రోగంలో సగమైనప్పుడు దాన్ని వదిలి మాత్రలు మాత్రమే రాసివ్వడం అర్ధవైద్యమని నేననుకుంటాను. అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన ఉదంతంగా 2015లో విజయవాడను కుదిపేసిన కాల్‌మనీ వ్యవహారం తరువాత కూడా ఈ వడ్డీల గురించి బయటకు చెప్పుకోవడానికి మన కుటుంబాలు సిగ్గుపడుతున్నాయి. ఎవరికి ఎంత, అసలెంత, ఇప్పటికి కట్టిందెంత అన్నది ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాయండి. అచ్చంగా రాసి చూసినప్పుడు, మనసులో కొండంత కనిపించిన అప్పుకు ఒక అంకె వస్తుంది. అప్పిచ్చింది బ్యాంకో రిజర్వ్ బ్యాంకు పరిధిలోని ఫైనాన్సు కంపెనీయో అయితే, వసూలు మనుషులు బెదిరించకూడదు, ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోన్లు చేయకూడదు అన్న నిబంధనలున్నాయి. అనుమతి లేని వడ్డీ వ్యాపారి షెడ్డుకు వచ్చి బెదిరిస్తుంటే అది పోలీసులకు చెప్పదగిన నేరం. మీ తమ్ముణ్ణో, ఆయన స్నేహితుణ్ణో వెంట తీసుకువెళ్ళండి. ఆయనను మాత్రం ఆ పనికి ఒంటరిగా పంపవద్దు.

ప్రశ్న: పత్రికల్లో ‘అప్పుల బాధతో’, ‘పరీక్ష తప్పినందుకు’ అని ఒక్కొక్క మరణానికి ఒక్కొక్క కారణం రాస్తారు. నిజంగా ఒకే కారణం ఉంటుందా? పల్లెలకన్నా పట్టణాల్లో ఈ సమస్య ఎక్కువా?
డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: ఒకే కారణం అన్నది పోలీసు నమోదులో ఒక గడిని నింపడానికి అవసరమైన మాట, మనిషి జీవితానికి సరిపడే మాట కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలో ఆ ఏడాది 1,70,924 మంది ఆత్మహత్యతో మరణించారు. అంటే లక్ష జనాభాకు 12.4 మంది. అదే లెక్కల్లో 53 మహానగరాల సగటు 16.4. ఆ నగరాల్లో విజయవాడ ఒకటి. మరణించినవారిలో 26.4 శాతం రోజుకూలీ మీద బతికేవారు. గుంటూరు మిర్చి యార్డులో సీజను అయిపోయాక పనిలేక మిగిలిన హమాలీని తలచుకుంటే ఆ శాతం అంకెగా మాత్రమే మిగలదు.

ఇవి మరణాల లెక్కలు. ఆలోచనల లెక్క వేరు, అది చాలా పెద్దది. ఆలోచన వచ్చినవారిలో అత్యధికులు ఎన్నడూ ప్రయత్నం చేయరని కూడా గుర్తుంచుకోవాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. పెద్దవారిలో సుమారు ఒక శాతం మంది ఆత్మహత్య ముప్పు తీవ్రంగా ఉన్న స్థితిలో కనిపించారు. ఆ ముప్పు 40-49 ఏళ్ళ వయసువారిలో, స్త్రీలలో, మహానగరవాసుల్లో ఎక్కువగా తేలింది. ఈ జవాబులో ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలంటే ఆ వయసును గుర్తు పెట్టుకోమంటాను. మన భయమంతా పరీక్షలు రాసే పిల్లల చుట్టూనే తిరుగుతుంది. ఆ పిల్లల ఫీజులు కట్టడానికి పరుగులు తీసే నలభై ఏళ్ళ మనిషిని ‘నువ్వెలా ఉన్నావు’ అని అడిగేవారు ఇంట్లోనూ ఉండరు, వీధిలోనూ ఉండరు.

ముప్పు పెంచే వాటిలో అన్నిటికన్నా బలమైనది గతంలో ఒకసారి ప్రయత్నం చేసి ఉండడం. డిప్రెషన్, మద్యం, తగ్గని నొప్పులు, దీర్ఘరోగం, చిన్నతనంలో పడిన హింస, కుటుంబంలో ఇంతకుముందు అలాంటి మరణం జరిగి ఉండడం, ఉద్యోగం పోవడం ఆ తరువాత వస్తాయి. స్త్రీల విషయంలో ఇంట్లో జరిగే హింసను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2016లో ప్రపంచం మొత్తం మీద ఆత్మహత్యతో మరణించిన స్త్రీలలో 36.6 శాతం మంది భారతీయులు. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయనే మన నమ్మకాన్ని ఈ ఒక్క అంకె ప్రశ్నిస్తోంది.

నగరం వీటిలో దేనినీ కొత్తగా కనిపెట్టలేదు. పల్లెను స్వర్గంగా చిత్రించడం కూడా నా ఉద్దేశం కాదు. అక్కడి రైతుల మరణాలు మనకు తెలియనివి కావు. నగరం చేసేదల్లా గమనించే కళ్ళను తగ్గించడం. కృష్ణలంకలో ఒకే గోడకు ఇటూ అటూ రెండు కుటుంబాలు అద్దెకుంటాయి, పదకొండు నెలల ఒప్పందం ముగియగానే ఒకటి కదిలిపోతుంది. మూడు రోజులుగా పక్కింటి మనిషి గడప దాటి బయటికి రాలేదన్న సంగతి ఎవరికీ పట్టదు. ఎన్ని కష్టాలున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఆ కష్టాల్లో ఉన్న మనిషి మారిపోయాడని గుర్తించేవారు ఎందరున్నారన్నది అంత ముఖ్యం.

ప్రశ్న: నాకు డెబ్బై మూడేళ్ళు. ఉపాధ్యాయునిగా పదవీ విరమణ చేశాను. భార్య పోయి ఏడాదిన్నరయింది. కొడుకు అమెరికాలో ఉంటాడు, ప్రతి ఆదివారం వీడియోలో మాట్లాడతాడు. పటమటలో అపార్టుమెంటు, పనిమనిషి, డబ్బు, దేనికీ లోటు లేదు. అయినా ‘దేవుడు త్వరగా తీసుకుపోతే బాగుండు’ అనిపిస్తోంది. ఈ వయసులో ఇది సహజమేనా, రోగమా?
విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: మాస్టారూ, మృత్యువును అంగీకరించడం వేరు, దానికోసం ఎదురుచూడడం వేరు. మొదటిది ఉన్న మనిషి ఉదయం కాఫీని ఇష్టంగానే తాగుతాడు, మనవరాలి ఫోటో వస్తే పెద్దది చేసి చూస్తాడు. రెండోది ఉన్న మనిషికి ఆ రెండూ రుచించవు. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి వైద్యులు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో చివరి ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గత రెండు వారాల్లో ఎన్ని రోజులు వచ్చిందన్నదే. వృద్ధాప్యంలో దానికి వేరే నియమం లేదు. భార్య పోయిన దుఃఖం ఏడాదిన్నర తరువాత కూడా ఉండడం సహజం. కానీ రక్తపోటు మాత్రలు వేసుకోవడం, వేళకు తినడం మానేశారా అన్నది మీరు నిజాయితీగా చూసుకోవాలి. ‘వేసుకుంటే ఎంత, మానితే ఎంత’ అని మాత్రలు పక్కన పెట్టడం కూడా ఆ ఆలోచనకు ఒక రూపమే.

థైరాయిడ్, బి12 లోపం, కొన్ని రకాల మందులు కూడా ఇలాంటి దిగులును తెస్తాయి కాబట్టి ముందు రక్తపరీక్షలు చేయించుకోండి. ఆదివారం వీడియోలో మీ అబ్బాయికి మీరు ఏ ముఖం చూపిస్తున్నారో నాకు తెలియదు గాని, ఈ ఉత్తరంలో రాసిన వాక్యం ఆయనకు చెప్పి ఉండరని మాత్రం ఊహించగలను. చెప్పండి. ఆయన భయపడతాడు, భయపడనివ్వండి. ఈ ఊళ్ళో మీ పూర్వ విద్యార్థి ఎవరైనా ఉంటే, వారానికి రెండుసార్లు సాయంత్రం వచ్చి కూర్చోమని నోరు తెరిచి అడగండి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఆ హక్కుంది. వృద్ధుల కోసం 14567 నంబరుతో ఎల్డర్‌లైన్ సేవ ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ప్రతి ఆదివారం ఫోనులో ‘నన్ను తీసుకెళ్ళిపోండి నాన్నా’ అంటోంది. వార్డెన్ ‘అందరు పిల్లలూ అలాగే అంటారు, పరీక్షలయ్యాక సర్దుకుంటారు’ అంటున్నారు. ఫీజు కూడా కట్టేశాం.
ఒక తండ్రి

జవాబు: వెళ్ళండి. ఈ ఆదివారం ఫోను కోసం ఎదురుచూడకుండా మీరే వెళ్ళి, అమ్మాయిని ఒక పూట బయటికి తీసుకువెళ్ళి, మార్కుల మాట ఎత్తకుండా అన్నం తినిపించి, పై గృహిణికి రాసిన ప్రశ్ననే ఆమెనూ అడగండి. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా, ఇంటికి తీసుకువచ్చి వైద్యునికి చూపించండి. ఫీజు తిరిగి రాకపోవచ్చు, అది డబ్బు సంగతి. 2025 జూలైలో సుప్రీంకోర్టు, మన రాష్ట్రంలోనే మొదలైన ఒక కేసులో తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సిలర్‌ను నియమించాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను వేరు బ్యాచులుగా విడదీయరాదని, అందరి ముందు అవమానించరాదని ఆదేశించింది. మీ కళాశాలలో ఆ కౌన్సిలర్ ఎవరో, మీ అమ్మాయి వారితో ఎన్నిసార్లు మాట్లాడిందో అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మా తమ్ముడు ప్రాణం తీసుకోబోయి బతికాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి పది రోజులైంది. బంధువులు ‘ఆ సంగతి ఇక ఎత్తవద్దు, మరిచిపోతాడు’ అంటున్నారు. ఆసుపత్రిలో పోలీసులు వచ్చి వివరాలు రాసుకున్నారు. కేసు పెడతారా? మళ్ళీ అలా జరగకుండా ఏం చేయాలి?
ఒక అక్క, గుంటూరు

జవాబు: అమ్మా, ఆసుపత్రి పోలీసులకు తెలపడం ఇప్పటికీ ఉన్న పద్ధతే, మీ తమ్ముణ్ణి శిక్షించడానికి మాత్రం కాదు. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతన్ని శిక్షించరాదని చెబుతోంది. అతనికి చికిత్స, పునరావాసం అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. కాబట్టి కేసు భయంతో తదుపరి వైద్యానికి వెనకాడవద్దు.

బంధువులు ప్రేమతోనే చెబుతున్నారు, కానీ ఆ సలహా తప్పు. ప్రయత్నం తరువాతి వారాలు, నెలలే అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలం. ఆ సమయంలో ఇంట్లో అందరూ ఆ మాట తప్పించి మాట్లాడుతుంటే, తాను చేసినది నోట అనకూడనంత సిగ్గుమాలిన పని అని అతనికి అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేయించి, 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి మీకు చెప్పాలి. అందులో చెన్నై కూడా ఉంది. ఇలా ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి మామూలు వైద్యం అందింది. రెండో వర్గానికి అదనంగా గంటసేపు విడిగా కూర్చోబెట్టి మాట్లాడడం, ఆ తరువాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోను చేసో ఇంటికి వెళ్ళో పలకరించడం జరిగింది. పద్ధెనిమిది నెలలు గడిచేసరికి మొదటి వర్గంలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోగా, పలకరింపు అందిన వర్గంలో ఆ సంఖ్య 0.2 శాతం. అక్కడ కొత్త మందు ఏదీ లేదు. ఫలానా రోజున ఎవరో తన కోసం వస్తారన్నది ఒక్కటే తేడా.

ఆసుపత్రి వారు మళ్ళీ రమ్మన్న తేదీని వదలకండి. దానితోపాటు ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు తీసి, మొదటి నెల వారానికొకసారి, ఆపైన రెండు వారాలకొకసారి, ఆ తరువాత నెలకొకసారి చొప్పున, వచ్చే ఏడాదిన్నరకు తేదీలు గుర్తు పెట్టండి. ఏ తేదీకి ఎవరు మాట్లాడాలో పక్కన రాయండి: మీరు, మీ బావగారు, అతని స్నేహితుడు. ఆ రోజు పెళ్ళి ఉన్నా, జ్వరం వచ్చినా ఆ పలకరింపు తప్పకూడదు. ‘తిన్నావా, మందు వేసుకున్నావా’ అన్న తరువాత ఒక్క క్షణం ఆగి, ‘ఆ ఆలోచన మళ్ళీ వచ్చిందా?’ అని కూడా అడగండి. మొదటి తేదీ ఈ ఆదివారం వేయండి.